మాట చెప్పి వెళ్లడమా, పక్కన కూర్చోవడమా?

పర్లాకిమిడిలో మా వీధి పిన్ని భర్తకు పక్షవాతం వచ్చి బరంపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా చర్చి సంఘం నుంచి రెండు రకాల మనుషులు వచ్చారు. కొందరు నిలబడే ప్రార్థన చేసి, "విశ్వాసం తగ్గితేనే ఇలాంటివి వస్తాయమ్మా, సరిచూసుకో" అనేసి బస్సుకు టైమైందని వెళ్లిపోయారు. ఒక వదిన మాత్రం స్టీలు క్యారేజీలో ఆయనకు గంజి, పిన్నికి పప్పన్నం తెచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆయన కాలికి నూనె రాస్తూ కూర్చుంది, తర్వాత మందుల కౌంటర్ దగ్గర ఒడియాలో మాట్లాడి పెట్టింది, పిన్నికి ఆ భాష అంతంతమాత్రమే కదా.

మొదటివాళ్లది చెడ్డ మనసని అనను. కానీ బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితుల్ని చూడండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నంతసేపూ ఓదార్పే, తప్పులు వెతకడం మొదలుపెట్టాకే గాయం. ఒనేసిఫోరు అలా కాదు. రోమాలో ఖైదులో ఉన్న అపొస్తలుడు పౌలును వెతుక్కుంటూ వెళ్లాడు, ఆయన సంకెళ్లకు సిగ్గుపడలేదు, ఒక్కసారి కాదు, చాలాసార్లు ఆదరించాడు (2 తిమోతి 1:16-17).

ప్రార్థన వద్దనడం లేదు, అదే మనకు ఆధారం. అయినా నేను రెండోదే ఎంచుకుంటాను, అదీ మూడో వారంలో, జనం రావడం మానేశాక. ఆ వదిన అప్పుడూ వచ్చింది, అదే క్యారేజీతో.