కారుకి కంపెనీ పార్టా, బయటి పార్టా?

ఖర్చు: బయటిది, అంటే వేరే తయారీదారు తన పేరుతో అమ్మేది, సాధారణంగా చవక. కంపెనీ డబ్బాలో వచ్చేదీ చాలాసార్లు వేరే తయారీదారు చేసిందే, పేరుకే ఎక్కువ కడుతుంటాం.

శ్రమ: కంపెనీదైతే ఛాసిస్ నంబర్ చెబితే చాలు. బయటిదైతే పార్టు నంబర్ మనమే సరిచూసుకోవాలి.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. ఆయిల్ ఫిల్టర్ మర సరిగ్గా పట్టినా, లోపలి బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపేది) ఎంత ప్రెషర్‌కి తెరుచుకుంటుందో అది వేరుగా ఉండొచ్చు. బ్రేక్ ప్యాడ్ కొలత కుదిరినా, దాని పట్టు తేడాగా ఉంటే బండి ఆగే దూరమే మారిపోతుంది. నకిలీలు కంపెనీ డబ్బాల్లోనూ వస్తాయి, అది వేరే తలనొప్పి.

వైపర్లకు, కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్‌కు పేరున్న బయటి రకం చాలు. ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ భాగాలకు కంపెనీదే. బ్రేకులకు నేనైతే కంపెనీదో, దానికి సప్లై చేసే తయారీదారుదో వేయిస్తాను, అదీ ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకేసారి.