ఫైనల్ ఇయర్ మెడిసిన్ పునశ్చరణకు అంకీ: రెండేళ్లు వాడిన తర్వాత

ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్‌లో జనరల్ మెడిసిన్ చదివినవారికి ఈ అనుభవం కొత్త కాదు. రాత్రి రెండుసార్లు చదివి, కింద గీత గీసి పెట్టుకున్న అంశాన్ని మర్నాడు రోగి మంచం పక్కన ప్రొఫెసర్ అడిగితే, అది పేజీలో ఏ మూలన ఉందో కళ్లకు కడుతుంది గానీ ఆ సంఖ్య మాత్రం నోటికి రాదు. చూసి గుర్తుపట్టడం వేరు, అడిగినప్పుడు చెప్పగలగడం వేరు. చిన్నప్పుడు మన చేత పుస్తకం మూయించి ఎక్కాలు అప్పజెప్పించుకున్న పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. అంకీ అనే సాఫ్ట్‌వేర్ చేసేది సరిగ్గా ఆ పనే. రెండేళ్ల పాటు దాన్ని దాదాపు రోజూ వాడి, పరీక్ష గట్టెక్కి, ఇప్పుడు హౌస్‌సర్జన్‌గా పనిచేస్తున్న నేను జూనియర్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

కంఠస్థం చేయడం అనే అర్థమున్న జపనీస్ మాట నుంచి వచ్చిన ఈ పేరుతో డేమియన్ ఎల్మ్స్ 2006లో దీన్ని విడుదల చేశారు. కార్డుకు ఒక వైపు ప్రశ్న, మరో వైపు జవాబు ఉంటాయి. జవాబు మనసులో చెప్పుకుని, కార్డు తిప్పి చూసి, ఎంత తేలిగ్గా గుర్తొచ్చిందో ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకదానితో నిజాయితీగా చెప్పాలి. గుర్తున్న కార్డు కొన్ని రోజులకు, ఆపైన కొన్ని వారాలకు, తర్వాత కొన్ని నెలలకు తిరిగి వస్తుంది; మరచిపోయిన కార్డు వెంటనే మళ్లీ ఎదురవుతుంది. ఈ గడువులు లెక్కగట్టడానికి 2023లో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త పద్ధతిని కూడా చేర్చారు. సెట్టింగులలో దాన్ని ఆన్ చేసుకుని, గుర్తుండాల్సిన శాతాన్ని మొదట ఉన్న 90 దగ్గరే వదిలేయడం మేలు. ఆ అంకెను పెంచినకొద్దీ రోజూ చేయాల్సిన కార్డులు విపరీతంగా పెరుగుతాయి.

అసలు విషయమంతా కార్డు రాయడంలో ఉంది. నేను మొదట్లో 'అసైటిస్ (పొట్టలో నీరు చేరడం) కారణాలు' అని పైన రాసి, వెనుక పద్నాలుగు కారణాల జాబితా పెట్టాను. ప్రతిసారీ పదో పదకొండో వచ్చేవి. అది తప్పు కింద లెక్కో ఒప్పు కింద లెక్కో తేలేది కాదు. ఎనిమిదిసార్లు మరచిన కార్డును అంకీ జలగగా (లీచ్), అంటే ఊరికే సమయం పీల్చేసే కార్డుగా గుర్తిస్తుంది. నా జాబితా కార్డులన్నీ ఒకదాని తర్వాత ఒకటి అలా జలగలే అయ్యాయి. ఆ తర్వాత వార్డులో చూసిన ఒక సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోయే జబ్బు) కేసు ఆధారంగా దాన్ని ఇలా మార్చాను: 'సీరం ఆల్బుమిన్ 2.8, అసైటిక్ ద్రవంలో 0.9. సాగ్ ఎంత? దేన్ని సూచిస్తుంది?' సాగ్ అంటే ఆ రెంటి తేడా, ఇక్కడ 1.9; అది 1.1 లేదా అంతకు మించి ఉంటే పోర్టల్ హైపర్‌టెన్షన్, అంటే కాలేయానికి వెళ్లే సిరలో పీడనం పెరగడం. ఇంకో కార్డులో దాని తర్వాతి మెట్టు: సాగ్ ఎక్కువగా ఉండి, ద్రవంలో ప్రోటీన్ కూడా 2.5 దాటితే కాలేయాన్ని కాక గుండెను అనుమానించాలి. ఇలా ఒక కార్డుకు ఒక్క ప్రశ్న, అదీ రోగి రూపంలో రాసుకున్న నాటి నుంచి ఈ లెక్క నాకు కొట్టినపిండి అయింది.

అమెరికా లైసెన్సు పరీక్ష కోసం అక్కడివారు తయారు చేసిన వేల కార్డుల డెక్కులు మనవాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. ఫిజియాలజీకి, ఈసీజీకి అవి పనికొస్తాయి గానీ వాటితోనే సరిపెట్టుకుంటే మన వార్డులో తడబడక తప్పదు. నేల మీద పడుకున్న రైతుకూలీ తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు, కనురెప్పలు వాలిపోతున్నాయి, ఒంటి మీద కాటు గుర్తు కనబడటం లేదు; ఇది కట్లపాము కాటు కావచ్చునని మనకు తట్టాలి. రక్తపింజర కాటుకు గాజు పరీక్షనాళికలో 20 నిమిషాలు రక్తాన్ని కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూడటం, పురుగుమందు తాగి వచ్చినవారికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సరిపోయిందని దేన్ని బట్టి చెప్పాలన్నది మన వైవాలోనూ (మౌఖిక పరీక్ష), మన క్యాజువాలిటీలోనూ నిత్యం ఎదురయ్యేవి. ఆ కార్డులు మనమే రాసుకోవాలి.

అంకీ చేయలేని పనులు కూడా ఉన్నాయి. ప్లూరల్ ఎఫ్యూజన్‌లో (ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం) ఆ ద్రవం ఏ రకమో తేల్చే, లైట్ అనే వైద్యుడి పేరు మీదున్న ప్రమాణాలు మూడూ అది గుర్తుపెట్టిస్తుంది. ఛాతీ మీద వేలితో తట్టినప్పుడు వినబడే మొద్దు శబ్దాన్ని మాత్రం నేర్పలేదు. హిస్టరీ అడగడం, లాంగ్ కేసును (పరీక్షలో వివరంగా చూసి చెప్పాల్సిన రోగిని) ఒక క్రమంలో చెప్పడం, వ్యాసరూప ప్రశ్నకు జవాబును పేర్చడం వంటివి మనుషుల ముందు, కాగితం మీద సాధన చేయాల్సిందే. అర్థం కాని అంశాన్ని కార్డుగా మార్చడం వట్టి బట్టీయే అవుతుంది, అది పరీక్ష గదిలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

రోజూ తప్పకుండా కూర్చోవాలన్నది దీనిలోని అతి పెద్ద కష్టం. కొత్త కార్డులు రోజుకు 20 చొప్పున చేర్చుకుంటూ పోతే కొంతకాలానికి రోజూ 200 దాకా పాత కార్డులు ఎదురుచూస్తుంటాయి. ఇంట్లో పెళ్లికి వెళ్లి పన్నెండు రోజులు తెరవకపోయేసరికి నాకు తొమ్మిది వందలకు పైగా పేరుకుపోయాయి. అప్పుడు అన్నీ చెరిపేసి మొదటికి రావాలనిపిస్తుంది గానీ ఆ పని చేయకూడదు. కొత్త కార్డులు పూర్తిగా ఆపి, రోజుకు 150 చొప్పున తీర్చుకుంటూ వస్తే రెండు వారాల్లో దారికొచ్చింది. పరీక్ష మూడు వారాల్లో ఉందనగా మొదలుపెట్టేవారికి ఇది పెద్దగా ఉపయోగపడదు. కనీసం ఎనిమిది నెలల ముందు, రోజుకు పది కార్డులతో మొదలుపెట్టాలి.

కంప్యూటర్‌లో ఇది పూర్తిగా ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాలంటీర్లు నడిపే అంకీడ్రాయిడ్ కూడా ఉచితమే, ఓపీకీ వార్డుకీ మధ్య దొరికే పది నిమిషాలకు అది చాలు. ఐఫోన్ యాప్‌కు మాత్రం ఒకేసారి దాదాపు 25 డాలర్లు చెల్లించాలి. విద్యార్థికి అది చిన్న మొత్తమేమీ కాదు కనుక, ఐఫోన్ ఉన్నవారు బ్రౌజర్‌లో ఉచితంగా పనిచేసే అంకీవెబ్‌తో మొదలుపెట్టవచ్చు.

మరొక్క జాగ్రత్త అవసరం. సీనియర్ ఒకరి నుంచి అందిన డెక్కులో క్షయ మందులు వారానికి మూడుసార్లు ఇవ్వాలని ఉంది. మన దేశం 2017లోనే రోజువారీ మోతాదుల విధానానికి మారింది. అంకీ ఆ తప్పును కూడా అంతే శ్రద్ధగా నా చేత అప్పజెప్పించుకుంది. వైవాకు వారం ముందు పుస్తకం తిరగేస్తుంటే గానీ నేను గమనించలేదు. అందుకని ఇప్పుడు మోతాదు గానీ చికిత్స విధానం గానీ ఉన్న ప్రతి కార్డు అడుగున, ఏ మార్గదర్శకం నుంచి ఏ సంవత్సరంలో రాసుకున్నానో ఒక వరుస చేరుస్తున్నాను.