బ్రిటన్‌కి ఏది మేలు: పక్కింటి సంతా, దూరపు బజారా?

2016 జూన్ 23న 52 శాతం ఓట్లతో ఐరోపా సమాఖ్యకు వీడ్కోలు చెప్పాలని బ్రిటన్ నిర్ణయించింది. అప్పటి నుంచీ వాదన ఒక్కటే: సమాఖ్యలో లేని నార్వేలా ఐరోపా మార్కెట్‌ను పట్టుకుని ఉండాలా, లేక విడిగా ప్రపంచమంతా బేరాలు కుదుర్చుకోవాలా?

నార్వే దారిలో సరుకు సాఫీగా సాగుతుంది. కానీ నిబంధనలు సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌లో రాస్తారు, ఓటు లేకుండానే పాటించాలి, డబ్బూ కట్టాలి. పైగా ఐరోపా వాళ్లు స్వేచ్ఛగా వచ్చి నివసించొచ్చు. చాలామంది వద్దన్నది సరిగ్గా దాన్నే.

రెండో దారిలో జెండా వాళ్లదే, కాగితాల బాధా వాళ్లదే! ఐరోపాతో ఒప్పందంలో సుంకం సున్నా అన్నారు, నిజమే. కానీ స్కాట్లండ్ చేపలు ఫ్రాన్స్ చేరాలంటే ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ డిక్లరేషన్ తప్పవు. ఒకే లారీలో పదిమంది సరుకుంటే, ఒకరి పత్రంలో తప్పు దొర్లినా లోడంతా ఆగొచ్చు. చేపకి ఆలస్యం అంటే ఏమిటో మన కాకినాడ వాళ్లకి చెప్పక్కర్లేదు.

మరి దూరపు బేరాలు? 2025 జులై 24న భారత్‌తో సంతకమైంది. దాని ప్రకారం విస్కీ సుంకం 150 నుంచి 75కి, పదేళ్లలో 40 శాతానికి దిగుతుంది. మన రొయ్యకి అక్కడ సుంకం పోతుంది. ఆంధ్ర రైతుకు శుభవార్తే. బ్రిటన్‌కి మాత్రం దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్ల లాభమని వాళ్ల ప్రభుత్వ అంచనా, అంటే జీడీపీలో 0.13 శాతం. ఐరోపా నుంచి విడిపోవడం వల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని వాళ్ల బడ్జెట్ సంస్థ లెక్క.

నా ఓటు పక్కింటి సంతకే.