ఇంటర్వెల్స్ పాడుతూ చెవి సాధన: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇంటర్వెల్స్ (రెండు స్వరాల మధ్య దూరాలు) గుర్తుపట్టడం నేర్పే యాప్‌లు చాలానే ఉన్నాయి. రెండు స్వరాలు వినిపిస్తాయి, మనం జవాబు నొక్కాలి. అక్కడ మార్కులు త్వరగానే పెరుగుతాయి గానీ, అసలు పాట వింటున్నప్పుడు అవి పెద్దగా అక్కరకు రావు. కొన్నేళ్లుగా గొంతుతో పాడే సాధనే చేస్తున్నాను. నా ఓటు దీనికే.

చేసేది ఇంతే. తంబూరా శ్రుతి పెట్టుకోవాలి. ఒక స్వరం ఎంచుకుని ముందు మనసులో వినాలి, తర్వాత పాడాలి, ఆ పైనే కీబోర్డు మెట్టు నొక్కి సరిచూసుకోవాలి. ముందే మెట్టు నొక్కేస్తే అది ఉత్త అనుకరణ. మంచి గొంతు అక్కర్లేదు, కూనిరాగం తీసినా సరిపోతుంది.

పంచమం (ప) తొందరగా కుదిరింది, శుద్ధ మధ్యమమూ (కింది మ) అంతే. ‘ప్రతి మధ్యమం’ అనే పై మ దగ్గరే టెన్షన్, పక్కనున్న పంచమం గొంతును లాగేసుకుంటుంది. కాకలి నిషాదానికి (పై ని) 11 మెట్లు (తెల్లవీ నల్లవీ కలిపి) ఒక్కసారిగా ఎక్కే కన్నా, పై షడ్జాన్ని (సా) తలుచుకుని ఒక మెట్టు దిగడం నయం. పై నుంచి కిందికి దాటడం మాత్రం బాగా ఆలస్యంగా పట్టుబడింది.

గాంధారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తంబూరాతో కలిసిపోయేలా పాడిన అంతర గాంధారం (సా నుంచి 4 మెట్ల పైనున్న గ), కీబోర్డు గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు తక్కువ (మెట్టులో నూరో వంతు ఒక సెంటు). తంబూరా తీగలోంచి దానంతటదే పలికే స్వయంభూ గాంధారానిది షడ్జంతో 5:4 నిష్పత్తి. కీబోర్డులోనేమో 12 మెట్లూ సమాన దూరంలో ఉంటాయి. కాబట్టి ట్యూనర్ ముల్లు కాస్త కిందికి చూపించినా కంగారు పడక్కర్లేదు. ఈ స్వరం విషయంలో నేను తంబూరానే నమ్ముతాను.

ఎప్పుడూ సా నుంచే పాడితే చెవి సగమే తయారవుతుంది. శంకరాభరణం స్వరాల్లో స–గ, మ–ద, ప–ని మూడూ 4 మెట్ల దూరమే. అయినా శ్రుతి మోగుతుండగా పాడి చూడండి, ఒక్కోటి ఒక్కోలా తోస్తుంది. దూరంతో పాటు ఆ స్వరం షడ్జానికి ఏమవుతుందో కూడా చెవికి ఎక్కాలి. ఈ పనికి దాటు వరిసలను (స్వరాలను దాటుకుంటూ పాడే తొలి పాఠాలను) మించినవి లేవు, కాకపోతే నిదానంగా పాడాలి. మూడో కాలం (బాగా వేగంగా పాడటం) మోజులో చాలామంది వాటిని చుట్టబెట్టేస్తారు.

కార్డ్స్ (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) గుర్తుపట్టాలనుకుంటే మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. మూడు స్వరాలు ఒకేసారి మోగినప్పుడు మధ్యదాన్ని విడదీసి పాడటం వేరే సాధన.