బోర్డు మీద హోమ్‌స్టే అని ఉంటే చాలదు, ఇంట్లో ఇంటివాళ్లుండాలి

హోటళ్లు మానేసి ఇళ్లల్లో దిగడం మొదలెట్టి నాలుగేళ్లయింది, ఫోర్ట్ కొచ్చి, కూర్గ్, జైసల్మేర్, హిమాచల్‌లోని స్పితి అయ్యాయి, అన్నీ బాగున్నాయా అంటే లేదు.

ముందు మంచిదే చెప్తా. ఫోర్ట్ కొచ్చిలో చైనా వలల దగ్గర్నుంచి పది నిమిషాల నడక, మూడే రూములు, కింద ఇంటివాళ్లు పైన మనం. పొద్దున్నే ఆంటీ పుట్టు చేస్తుంటే మా ఆవిడ వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడింది, ఆంటీయే తన చెయ్యి పట్టుకుని లోపలికి లాగి మరీ చూపించింది. గొట్టంలో కాస్త కొబ్బరి, తడిపిన బియ్యప్పిండి, మళ్లీ కొబ్బరి, అలా నింపి ఆవిరి మీద పెట్టి చివర్లో పుల్లతో వెనకనుంచి నెడితే పొగలు కక్కుతూ ప్లేట్లోకి జారింది, పక్కన నల్ల శనగల కూర. ఈవిడకి మలయాళం రాదు ఆవిడకి తెలుగు రాదు, అరగంట కబుర్లు చెప్పుకున్నారు! ఆ రాత్రి ఎర్నాకుళంలో ఆఖరి బోటు మిస్సయి ఆటోలో వచ్చేసరికి పదిన్నర దాటింది, అంకుల్ లుంగీలో వరండాలో కూర్చునున్నారు, మాకోసమే మేలుకున్నారని తెలిసి సిగ్గేసింది. ఇళ్లల్లో దిగితే ఉండే ఇబ్బందీ ఇదే, మొహమాటం.

కూర్గ్‌లో దెబ్బ తిన్నాం. ఫోటోల్లో కాఫీ తోట, నవ్వుతున్న పెద్దాయన, కుక్క. తీరా వెళ్తే ఓనర్లు ఉండేది బెంగళూరులోనట, పది రూములకీ కలిపి కేర్‌టేకర్ కుర్రాడొక్కడే. కడంబుట్టు, అంటే అక్కడి బియ్యపు రవ్వ ఉండలు, తిందామని అంత దూరం వెళ్తే బ్రెడ్డూ జామూ పెట్టాడు, పాపం అతనేం చేస్తాడు. కుక్క మాత్రం నిజంగానే ఉంది. కేంద్ర టూరిజం శాఖ హోమ్‌స్టే స్కీములో అయితే ఓనరు కుటుంబంతో అదే ఇంట్లో ఉండాలి, అద్దెకిచ్చే రూములు 6, మంచాలు 12 దాటకూడదు, ఆ లెక్కన అది హోమ్‌స్టేనే కాదు. అందుకే ఇప్పుడు బుక్ చేసేముందు ఫోన్ చేసి మీరు అక్కడే ఉంటారా, వంటెవరు చేస్తారు అని అడిగేస్తున్నా, నీళ్లు నమిలితే వదిలేయడమే.

జైసల్మేర్‌లో కోట లోపలే ఇళ్లల్లో రూములిస్తారు, 1156లో కట్టడం మొదలెట్టిన కోట, ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. కానీ వాడుక నీళ్లు కింద మట్టిలోకి ఇంకి గోడలు దెబ్బతింటున్నాయని చదివి మేం బయటే దిగాం. డాబా ఎక్కితే కోట మొత్తం ఎదురుగానే, లోపల ఉంటే పక్కింటి గోడేగా కనిపించేది.

స్పితిలో మేం దిగిన ఊరు లాంగ్జా, దాదాపు 4,400 మీటర్ల ఎత్తు. ఇంటివాళ్లతో పాటే పొయ్యి చుట్టూ కూర్చుని థుక్పా, అదే నూడుల్స్ సూపు, తాగాం. టాయిలెట్ మాత్రం ముందే చెప్తున్నా, నీళ్లుండవు, నేలలో కన్నం, పని అయ్యాక పారతో మట్టి వెయ్యాలి, అదంతా తర్వాత చేలకి ఎరువు. మావాడు మొదటిరోజు చచ్చినా వెళ్లనన్నాడు, రెండోరోజు పార ఇంకెవరికీ ఇవ్వలేదు.