కరకట్ట ఎత్తు పెంచాలా, గట్టిపరచాలా, వెనక్కి జరపాలా?

నగరాన్ని ఆనుకుని పారే నది పొంగి, నీళ్లు కరకట్ట అంచు దాకా వచ్చి తగ్గాయనుకోండి. మర్నాటి నుంచి అందరి నోటా ఒకటే మాట: కట్ట ఎత్తు పెంచాలి. ఆ నీళ్లను కళ్లారా చూసినవాళ్ల టెన్షన్ అది, కాదనలేం. కానీ డబ్బు ఖర్చుపెట్టే ముందు మూడు దారులు చూసుకోవాలి: ఎత్తు పెంచడం, ఉన్న కట్టనే పటిష్ఠం చేయడం, కట్టను వెనక్కి జరిపి నదికి చోటివ్వడం. నా ఓటు ముందు రెండోదానికి, ఆ తర్వాత మూడోదానికి. ఎత్తు సంగతి ఆఖర్న చూడాలి.

ఎందుకంటే, నీళ్లు పైనుంచి పొర్లితేనే కట్ట తెగుతుందని లేదు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువల వెంట కట్టిన వరద గోడలు నీళ్లు అంచు దాటకముందే కూలిపోయాయి. అడుగున మట్టి పట్టు తప్పింది. మిగతా గండ్లతో కలిపి నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. ఆ రెండు కాలువల దగ్గర గోడ ఇంకో మీటరు ఎత్తుగా ఉన్నా ఒరిగేదేమీ లేదు.

ఎత్తు పెంచడంలో ఇంకో చిక్కు స్థలం. మట్టికట్టకు రెండు వైపులా ఒకటికి మూడు వాలు (మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డం) ఉంటే, పైన మీటరు పెంచడానికి అడుగున 6 మీటర్ల వెడల్పు పెరగాలి. ఇళ్లు కట్టను ఆనుకుని ఉన్నచోట ఆ స్థలం ఎక్కడిది? అందుకే కట్ట మీద కాంక్రీటు గోడ లేపుతారు. స్థలం కలిసొస్తుంది. కానీ వరదలో నీటిమట్టం పెరిగిన కొద్దీ కట్ట కింద ఒత్తిడీ పెరుగుతుంది, దాన్ని మోయాల్సిన మట్టి మాత్రం పాతదే. అంత ఎత్తున ఆగిన నీరు గండి పడి వస్తే మరింత వేగంగా, మరింత లోతుగా ఊరిని ముంచుతుంది. అవతలి గట్టున కట్ట తక్కువ ఎత్తులో ఉంటే ముంపు అక్కడి జనం నెత్తిన పడుతుంది. ఇది నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపిస్తుంది.

పటిష్ఠం చేయడమంటే ముందుగా ఊట సంగతి చూడటం. నది నిండుగా ఉన్నప్పుడు నీరు కట్ట కింది ఇసుక పొరల్లోంచి దారి చేసుకుని, ఊరివైపు కట్ట పాదం దగ్గర ఉబికి వస్తుంది. తేటనీళ్లయితే కనిపెట్టుకుని ఉండాలి. బురదనీళ్లు వచ్చినా, ఊట చుట్టూ ఇసుక చీమల పుట్టలా పేరుకున్నా, కట్ట కింద మట్టి కొట్టుకుపోతోందని అర్థం. చూడగానే దాన్ని పూడ్చేయాలనిపిస్తుంది. పూడిస్తే ఒత్తిడి ఎక్కడికీ పోదు, పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. పని తెలిసినవాళ్లు దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చుకుంటూ వస్తారు. లోపల నీళ్లు నిలిచే కొద్దీ కింది తోపుడు తగ్గుతుంది. ఇసుక రావడం ఆగి, తేటనీళ్లు మాత్రమే వచ్చేదాకా పేర్చి, అక్కడితో ఆపుతారు.

ఇది రాత్రికి రాత్రి కట్టను కాపాడే పని. శాశ్వతంగా చేయాలంటే కట్ట నడినెత్తిన లోతుగా కందకం తవ్వి, కింద బంకమట్టి పొర తగిలేదాకా దింపి, బెంటొనైట్ (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే ఒక రకం బంకమట్టి) కలిపిన మట్టితో నింపుతారు. అది కనపడని అడ్డుగోడ. 1986 వరద తర్వాత అమెరికాలోని సాక్రమెంటో నగర కట్టల్లో మైళ్ల పొడవున ఇలాంటివే దించారు. స్థలం ఉంటే ఊరివైపు పాదం మీద మట్టి బరువు వేయొచ్చు, ఒత్తిడి తీసే బావులు తవ్వొచ్చు. బయటికి ఏమీ కనపడదు కాబట్టి ఈ పనికి చప్పట్లు రావు, నిధులూ ఆలస్యంగానే వస్తాయి.

అయితే ఎంత గట్టి కట్టయినా తన ఎత్తుకు మించిన వరదను ఆపలేదు. అక్కడ మూడో దారి కావాలి. నెదర్లాండ్స్‌లో 1995 వరదకు సుమారు 2.5 లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత ‘నదికి చోటు’ పథకం కింద నైమేఖన్ నగరం ఎదుట, అవతలి గట్టునున్న లెంట్ దగ్గర కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు. పెద్ద వరదలో నీటిమట్టం సుమారు 35 సెంటీమీటర్లు తగ్గేలా చేసిన పని ఇది. దీనికోసం 50 దాకా ఇళ్లు పోయాయి. ఇల్లు పోయినవాళ్లకు 35 సెంటీమీటర్ల లెక్క చెప్పి ఒప్పించలేం. పునరావాసం ముందు, పార మట్టి మీద పడటం తర్వాత.

ఇళ్లు తీయలేని చోట మళ్లింపు ఉంది. మిసిసిపీ నది వెంట కట్టలనే నమ్ముకున్న విధానం 1927 మహావరదతో కూలింది. తర్వాత న్యూ ఆర్లీన్స్ ఎగువన బోనెకేరీ స్పిల్‌వే కట్టి, 2.5 లక్షల క్యూసెక్కుల దాకా పక్కనున్న సరస్సులోకి వదిలే వీలు కల్పించారు. జపాన్‌లో ఎత్తుకు 30 రెట్లు వెడల్పుండే సూపర్ కట్టలూ ఉన్నాయి. నీళ్లు పొర్లినా తెగవు, కానీ పైన ఉన్న పేటంతా తీసి మళ్లీ కట్టాలి. చాలా నగరాలకు అది అయ్యే పని కాదు.

కాబట్టి మీ నగరంలో కట్ట పనులకు టెండరు పిలిస్తే, ఎన్ని మీటర్లు పెంచుతున్నారని కాకుండా, అడుగున మట్టి పరీక్షకు బోర్లు ఎంత దూరానికొకటి వేశారో అడగండి. కట్టలోంచి వెళ్లే పాత పైపులు, మట్టి కాంక్రీటు కలిసే అతుకులు, ఎలుక బొరియలు ఎవరు చూస్తున్నారో అడగండి. తూము తలుపులు మూసినప్పుడు ఊళ్లో పడ్డ వాన నదిలోకి పోయే దారి ఉండదు. దాన్ని ఎత్తిపోసే పంపులు ఎన్ని, కరెంటు పోతే అవి దేనిమీద నడుస్తాయో కూడా అదే కాగితంలో ఉండాలి.