గిట్‌హబ్ కంటైనర్ రిజిస్ట్రీ: టెస్ట్ ఇమేజ్‌లు పంచుకోవడానికి 4/5

హనుమకొండ ల్యాబుల్లో ఇంటెల్ డెస్క్‌టాప్ పక్కనే ఎం-సిరీస్ మ్యాక్‌బుక్, ఓ మూల రాస్ప్‌బెర్రీ పై మామూలే. మూడింటికీ ఎవరికి వాళ్లు డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌నూ దానికి కావాల్సినవన్నీ కలిపిన మూట) కట్టుకోవడం దండగ. ఒకసారి కట్టి, ఇమేజ్‌లు దాచి పంచే ఈ రిజిస్ట్రీలో పెడితే చాలు, పబ్లిక్ ఇమేజ్‌కు పైసా ఖర్చు లేదు. ఇలాంటిదే అయిన డాకర్ హబ్‌లో లాగిన్ లేకపోతే ఒక ఐపీకి 6 గంటల్లో 100 పుల్సే (డౌన్‌లోడ్లే); ల్యాబంతా ఒకే ఐపీ వెనక ఉంటే పొద్దుటి బ్యాచ్‌కే కోటా హరీ.

డాకర్‌లో ఇమేజ్ కట్టే బిల్డ్‌ఎక్స్‌కు లినక్స్/ఏఎండీ64 (ఇంటెల్‌కు), లినక్స్/ఆర్మ్64 (మ్యాక్‌బుక్‌కు, రాస్ప్‌బెర్రీ పైకి) రెండూ ఇచ్చి పుష్ (అప్‌లోడ్) ఫ్లాగ్ తగిలించాలి. అవతలివాళ్లు ట్యాగ్ (ఇమేజ్ వెర్షన్ పేరు) రాస్తే చాలు, తమ ప్రాసెసర్‌కు సరిపడేదాన్ని, ఏ ప్రాసెసర్‌కు ఏ ఇమేజో చెప్పే మ్యానిఫెస్ట్ జాబితాలోంచి డాకరే ఏరుకుంటుంది. ఇంటెల్ మీద ప్లాట్‌ఫామ్ చెప్పకుండా కట్టి పంపితే రాస్ప్‌బెర్రీ పై మీద 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' (ఈ ప్రాసెసర్‌కు సరిపడని ప్రోగ్రామ్ అని) పలకరిస్తుంది. అందుకే పుష్ అయ్యాక బిల్డ్‌ఎక్స్‌లోని ఇమేజ్‌టూల్స్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ కొట్టి రెండూ ఉన్నాయో లేదో చూడండి. రాస్ప్‌బెర్రీ పైలో 32 బిట్ ఓఎస్ ఉంటే ఆర్మ్64 కూడా పనికిరాదు, ఆర్మ్/వీ7 కలపాల్సిందే.

ఇంటెల్ మీద ఆర్మ్ ఇమేజ్ కడితే, వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ తర్జుమా చేయాలి. సీ++ కంపైల్ ఉందంటే నత్తనడకే. పబ్లిక్ రెపో అయితే గిట్‌హబ్‌లోనే బిల్డులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆర్మ్64 రన్నర్ (బిల్డ్ నడిచే మెషీన్) ఉచితం, ఆ పని దానికి అప్పగించండి.

ఒక మార్కు ఎందుకు కోశామంటే, మొదటిసారి పుష్ చేసిన ప్యాకేజీ ప్రైవేట్‌గా పడుతుంది. సెట్టింగ్స్‌లో మార్చేదాకా మిగతావాళ్లకు పుల్ కాదు. ఇంకోటి, టెస్టుల్లో 'లేటెస్ట్' ట్యాగ్ వాడకండి, అది చూపే ఇమేజ్ మారిపోవచ్చు; షా256 డైజెస్ట్ (ఒకే ఇమేజ్‌ను పట్టిచ్చే మారని గుర్తు) రాయండి.